నలభై ఒకటో గిన్నె

ఒంటిగంటా నలభైకి పెట్టెలాయన ఇంటి ముందు ఆకురాయి సైకిల్ దిగేసరికి మేస్త్రీ భార్య అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. పొద్దున్న ఏడింటికి అతని గుమ్మంలో ఎలా కూర్చుందో ఇక్కడా అలాగే, మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసుకుని.

“నాలుగింటికి కోర్టులో పెడతారంటయ్యా,” అంది. “నేనే చంపానని మా ఆయన రాసిచ్చేశాడంట. ఇంటికొచ్చిన పార్సిల్ కాగితం మీద సంతకం పెట్టాలన్నా రెండుసార్లు చదువుకునే మనిషయ్యా.”

“ఇంటికెళ్ళు.”

“ఇంట్లో ఎవరున్నారని?”

ఆకురాయి ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఓదార్చడం అతనికి చేతకాదు. చేతనైన రోజుల్లో దానివల్ల ఎవరికీ ఒరిగింది కూడా లేదు. ఎదుటివాణ్ణి అరిగేదాకా రుద్దుతాడని స్టేషన్‌లో వాళ్ళు పెట్టిన పేరది. ఉద్యోగం ఊడినా పేరు ఊడలేదు.

పెట్టెలాయన చచ్చి మూడు రోజులైంది. డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళపాటు పాత ఇళ్ళ అటకలన్నీ గాలించి, రంగులు వేసిన చెక్కసామాను పోగుచేశాడు. పెట్టెలు, ఉప్పు డబ్బాలు, గరిటెలు, ఊయలలు, గిన్నెలు. తిన్న మనుషులు ఏమైపోయారో ఆయనకి అక్కర్లేదు, వాళ్ళు తిన్న గిన్నె కావాలి. మంగళవారం మధ్యాహ్నం ఆ సామాను గదిలోనే, తన గోడకి వేలాడే బట్టలు బాదే కొయ్యతోనే, ఎవరో ఆయన తల పగలగొట్టారు. కొట్టినవాళ్ళు కొయ్యను పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ దాని మేకుకే తగిలించి మరీ పోయారు. నలభై మేకుల్లో దాని మేకు ఏదో తెలిసినవాళ్ళన్నమాట. ఆ ఇంటి సామాను బాగుచేసే మేస్త్రీని బుధవారం పట్టుకెళ్ళారు.

సామాను గదిలో ఇన్‌స్పెక్టర్ రెండొందల ఏళ్ళ పెట్టె మీద కూర్చుని, బూటు మడమతో దాని పక్కన రంగుల్లో వేసిన పూలని తాపీగా తన్నుతున్నాడు. మూలన ఇనప పొయ్యి ఎర్రగా మండుతోంది. కిటికీ దగ్గర పెట్టెలాయన అల్లుడు పెన్సిల్ పట్టుకుని సామాను జాబితా రాసుకుంటున్నాడు. ఇక ఇదంతా అతని భార్యకే వస్తుంది, అంటే అతనికే.

“వచ్చావా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “వచ్చి ఏం పీకుతావు? పని అయిపోయింది.”

“పని ఎలా అయిందో చూసిపోదామని.”

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కాగితం తీసి గాలిలో ఆడించాడు. “రెండింటికి మేస్త్రీ బాగుచేసిన పీట పట్టుకుని వచ్చాడు. రెండూ ఇరవైకి పోయాడు. ఎదురు కొట్టువాడు చూశాడు. మూడూ పదికి అల్లుడుగారొచ్చి శవాన్ని చూశారు. మధ్యలో ఈ గదిలోకి ఇంకో పురుగు రాలేదు. వాడే ఒప్పుకున్నాడు.”

ఆకురాయి కాగితం అందుకోలేదు. ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉండగానే కింద ఉన్న మరకను చూశాడు.

“సంతకం చెయ్యడం వచ్చినవాడు వేలిముద్ర ఎందుకేశాడు?”

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

“అదీ ఎడమ బొటనవేలు. కుడిచెయ్యి ఏమైంది ఇన్‌స్పెక్టర్ గారూ?”

“తలుపు సందులో పడింది.”

“ఎన్ని వేళ్ళు?”

“నాలుగు.” ఇన్‌స్పెక్టర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “హంతకుడి వేళ్ళని ఎవడూ లెక్కపెట్టడు. అమాయకుడివైతేనే నాకు తలనొప్పి. అందుకని వాడు అమాయకుడు కాడు. అర్థమైందా?”

బాగానే అర్థమైంది. మేస్త్రీ విడుదలైతే ఆ వేళ్ళకి జవాబు చెప్పాల్సింది ఇన్‌స్పెక్టరే. నాలుగింటికి కోర్టులో ఒకసారి ఆ కాగితం నిజమైపోతే, మేస్త్రీ ఇక జన్మలో ఇంటి ముఖం చూడడు.

“శవం పిడికిట్లో ఏదో దొరికిందన్నారు.”

“దారం. మేస్త్రీ పీటకి చుట్టి తెచ్చిన దారం. చూసుకో, కడుపు నిండుతుంది.” ఇన్‌స్పెక్టర్ ఒక కవరు విసిరాడు.

మూరెడు తెల్లదారం. ఒక కొస నుంచి జానెడు మీద ముడి ఉంది. ఆకురాయి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళకి ఆనించుకుని చూశాడు. ఒక ముడి కాదది. ముడి మీద ఇంకో ముడి, కచ్చితంగా అదే చోట.

తర్వాత బల్ల మీదున్న పెద్ద పుస్తకం తెరిచాడు. పెట్టెలాయన ప్రతి వస్తువుకీ ఒక వరస రాసుకున్నాడు. గిన్నెలకి మాత్రం కొలతల గడులు రెండు. ప్రతి చలికాలం కొలిచినట్టు తేదీలు. చివరి పేజీలో మంగళవారం నాటి రాత రెండు వరసలే. “పీట, మేస్త్రీ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు, రెండూ ఇరవై.” దాని కింద “41” అని అంకె, పక్కన గీత, ఆ తర్వాత ఖాళీ.

“ఈ పుస్తకం ఎక్కడుండేది?” అని అల్లుణ్ణి అడిగాడు.

“సొరుగులో, తాళంలో. మామగారు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. చిన్నమ్మగారిని కూడా.”

పేరు వినబడగానే పిలిచినట్టు చిన్నమ్మ లోపలికి వచ్చింది. పెట్టెలాయన చెల్లెలు. యాభై ఆరేళ్ళుంటాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో వంటమనిషీ, దుమ్ము దులిపే మనిషీ, కాపలా మనిషీ ఆమే. చేతులకి తెల్లటి నూలు గ్లౌజులు. ఆమె ఎవరివంకా చూడకుండా పొయ్యి ముందు వంగి, నల్లటి చెక్కగిన్నెతో బూడిద ఎత్తుకుంది.

“మంగళవారం రెండింటి నుంచి మూడింటి దాకా ఎక్కడున్నావమ్మా?”

“వంటింట్లో.”

“ఏం చేస్తూ?”

“అంట్లు తోముతూ. ముప్పై ఏళ్ళుగా ఆ టైముకి అదే చేస్తున్నాను. ఒక్క రోజు మార్చుంటే నాకూ గుర్తుండేది.”

“చప్పుడేమైనా వినబడిందా?”

“మా అన్నయ్య నోరు వినబడని రోజు లేదు. పట్టించుకోవడం మానేశాను.”

“దారం నీదేనా?”

“నా కుట్టుడబ్బాలోది. ఆయనే తీసుకునుంటాడు. నన్ను అడిగి తీసుకునే అలవాటు లేదు.”

“మీ అన్నయ్య పోయి మూడు రోజులైంది. ఈ గ్లౌజులెందుకు ఇంకా?”

“ఆయన పెట్టిన నియమం.”

“ఆయనే లేడు కదా.”

“చెయ్యికి అలవాటైంది.” బూడిద గిన్నె పట్టుకుని లేచింది. “ఇంకేమైనా ఉందా? బియ్యం నానబెట్టాను.”

“ఉండు.” ఆకురాయి అరల దగ్గరికి వెళ్ళి నలభై ఒకటో అంకె కింద ఉన్న గిన్నెను తీశాడు. ఎర్రటి నేల మీద నీలం పిట్ట, తల వెనక్కి తిప్పి తన తోకను తానే చూసుకుంటోంది. రంగు అక్కడక్కడా పగుళ్ళిచ్చింది, అంచు చేతులు తగిలి అరిగినట్టు పలచబడింది. ఎవరు చూసినా నూటయాభై ఏళ్ళ వస్తువంటారు. అతను శవం చేతిలో దొరికిన దారం కొసను అంచుకి ఆనించి అడ్డంగా లాగాడు. ముడి సరిగ్గా అవతలి అంచు మీద పడింది. గిన్నెను పావు వంతు తిప్పాడు. మళ్ళీ అక్కడే పడింది.

“ఏంటీ దర్జీ పని?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మా నాన్న లేతు మీద చెక్కని తిప్పి గిన్నెలు చెక్కేవాడు. చక్రం తాడు లాగడానికి నన్ను అయిదో తరగతిలో బడి మాన్పించాడు. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. చెక్క ఎండేకొద్దీ దాని నారకి అడ్డంగా కుంచించుకుపోతుంది, నార వెంబడి కాదు. ఎంత గుండ్రంగా చెక్కినా వందేళ్ళకి గిన్నె కోలగా అయిపోతుంది, బియ్యపు గింజంత తేడాతో. అందుకే ముసలాయన రెండు గడులు పెట్టుకున్నాడు. మంగళవారం దీన్ని కొలిచాడు. నిలువుగా ఒక ముడి, అడ్డంగా ఒక ముడి. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇది కొత్త గిన్నె. అసలుది ఎవరో మార్చేశారు. ఆ సంగతి తెలిసిన నిమిషంలోనే చచ్చాడు.”

అల్లుడి పెన్సిల్ ఆగిపోయింది.

“మరీ మంచిది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఈ పనితనం మేస్త్రీకి తప్ప ఇంకెవరికి వస్తుంది? నకిలీ చేశాడు, దొరికాడు, చంపాడు. నా కేసు నువ్వే కుట్టి పెడుతున్నావు.”

చిన్నమ్మ మెడ చటుక్కున తిరిగింది. ఆకురాయి అది చూశాడు.

“ఏ మేస్త్రీ ఈ తప్పు చెయ్యడు. పుట్టిందగ్గర్నుంచి చెక్కతో బతికినవాడు అంచు రెండుపక్కలా కాస్త చిత్రిక పట్టి కోలగా చేసి మరీ పెడతాడు. ఇది రంగు తెలిసి, చెక్క తెలియని చెయ్యి. పైగా పుస్తకంలో ముందు పీట ఉంది, తర్వాత గిన్నె. మేస్త్రీ రెండూ ఇరవైకి వెళ్ళాకే ముసలాయన దారం పట్టాడు. ఈ దారం కోర్టులో పెడితే నీ కాగితం చెల్లదు.”

ఇన్‌స్పెక్టర్ పెట్టె మీంచి దిగాడు. ఆకురాయి చేతిలోంచి దారాన్ని వెంట్రుకలా లాగేసుకుని, పొయ్యి తలుపు బూటుతో తెరిచి లోపల పడేశాడు. తర్వాత బల్ల మీదున్న చిన్నమ్మ కుట్టుడబ్బా తెరిచి, మూరెడు దారం కొలిచి తెంపి, కవర్లో పెట్టి నాలికతో అంటించాడు.

“పంచనామాలో మూరెడు దారం అని రాశాను. మూరెడు దారం ఉంది. ముడి సంగతి ఎక్కడా రాయలేదు.”

అల్లుడు గోడవైపు తిరిగి జాబితా రాసుకోవడం మొదలుపెట్టాడు. గోడ గడియారంలో రెండూ నలభై.

ఆకురాయి అరవలేదు. అరుపులు ఉద్యోగంలో ఉండగానే ఖర్చయిపోయాయి. చిన్నమ్మ చేతిలోని బూడిద గిన్నె కూడా నలభై ఒకటో గిన్నె పరిమాణమే. అతను దాన్ని తీసుకుని, బూడిదంతా నేలమీద బోర్లించి, కూజాలో నీళ్ళు రుమాలు మీద ఒంపాడు.

“తడిగుడ్డ పెట్టకండి,” అన్నాడు అల్లుడు అలవాటు కొద్దీ.

మసి కింద మొదట ఎరుపు వచ్చింది. తర్వాత నీలం. పిట్ట తల వెనక్కి తిప్పి తోకను చూసుకుంటోంది. అల్లుడు దగ్గరికొచ్చి గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నాడు, పసిబిడ్డను అందుకున్నట్టు. ఆకురాయి కుట్టుడబ్బాలోంచి ఇంకో పోగు తీసి కొలిచాడు. ఒకవైపు ముడి, రెండోవైపు బియ్యపు గింజంత ఇవతల ఇంకో ముడి.

“ఇదీ అసలు నలభై ఒకటి. ఎన్నాళ్ళుగా బూడిదెత్తుతున్నావమ్మా దీంతో?”

చిన్నమ్మ పొయ్యి పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది. “మేస్త్రీ ఇచ్చాడు. పాతది, బూడిదకి పనికొస్తుంది ఉంచుకోమన్నాడు.”

“విన్నావా?” ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “నువ్వు ఎటు తిరిగినా వాడి గుమ్మంలోకే వస్తున్నావు.”

ఆకురాయి కాసేపు ఆ తెల్ల గ్లౌజుల వంక చూశాడు. అవి ఆమె ఒళ్ళో ఒకదాని మీద ఒకటి, తాంబాళంలో పెట్టినంత కుదురుగా ఉన్నాయి. తర్వాత అల్లుడి చేతుల్లోంచి అసలు గిన్నెను లాక్కుని పొయ్యిలో పడేశాడు.

అల్లుడు పొయ్యి ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. “మీకు పిచ్చా? నూటయాభై ఏళ్ళండీ అది. నీళ్ళు తెండి ఎవరైనా.” మంట అప్పటికే నీలం పిట్టను నాకుతోంది. నూనె తాగిన పాత చెక్క చిటపటలాడుతూ అంటుకుంది.

గ్లౌజులు కదల్లేదు.

“బాగా మండుతోంది,” అంది చిన్నమ్మ. “పాత చెక్క కదా.”

ఆకురాయి రెండో గిన్నె తీసుకున్నాడు. గుండ్రటిది. “ఇది ఎలాగూ నకిలీ. చెత్త. ఎవడో చేతకానివాడు గీకింది. ఇదీ పోనీ,” అని దాన్ని కూడా మంటల్లోకి విసిరాడు.

పీట పడిపోయిన చప్పుడైంది. ఆమె ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. మోచేతుల దాకా పొయ్యిలోకి చేతులు పెట్టేసింది. నూలు గ్లౌజులు భగ్గుమన్నాయి. గిన్నెను బయటికి లాగి గుండెకి అదుముకుని, మండుతున్న చేతులతోనే దాని అంచు మీద నిప్పును తట్టి తట్టి ఆర్పింది. అప్పుడు గానీ అల్లుడు కూజా నీళ్ళు ఆమె మీద కుమ్మరించలేదు. గదంతా కాలిన నూలు వాసన, ఇంకో వాసన.

ఆమె గిన్నెను తిప్పి చూసుకుంది.

“తోకలో పదకొండు గీతలు,” అంది. గొంతు మామూలుగానే ఉంది. “అసలు దాంట్లో తొమ్మిదే. అది వేసినవాడు చోటు లెక్క చూసుకోలేదు, మధ్యలో ఆపేశాడు. నేను పూర్తి చేశాను. చేతకానివాడు గీకింది కాదిది.”

“నువ్వు వేశావు,” అన్నాడు ఆకురాయి.

“ఆయన ఊళ్ళు తిరగడానికి పోయినప్పుడల్లా వంటింట్లో కూర్చుని వేసేదాన్ని. ముప్పై ఏళ్ళు ఇవే తుడిచాను. కళ్ళు మూసుకున్నా ఏ గీత ఎటు పోతుందో తెలుసు. ఉత్త గిన్నెలు కొట్లో దొరుకుతాయి. ఇలాంటివి తొమ్మిది వేసి అరల్లో పెట్టాను. అసలువి వంటింట్లో ఉన్నాయి. ఒకదాంట్లో ఉల్లి తొక్కలు, ఒకదాంట్లో సబ్బు ముక్కలు. ఆయన రోజూ నా గిన్నెలనే చూసి మురిసిపోయేవాడు. అది చాలు నాకు. ఎప్పటికీ చెప్పకపోదును.”

“మంగళవారం ఏమైంది?”

“దారంతో కొలిచి నన్ను పిలిచాడు. కోపంగా లేడు. గిన్నెను వెలుతుర్లో తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇది మనది కాదే, కానీ ఏం చెయ్యి అన్నాడు. ఎంత గొప్ప చెయ్యి అన్నాడు. ముప్పై ఏళ్ళలో నేను చేసిన కూరని కూడా బాగుందనని మనిషి. నేనే వేశానన్నయ్యా అన్నాను.” కాలిన వేళ్ళతో అంచు మీది మసి తుడవబోయింది, వేళ్ళు వంగలేదు. “నవ్వాడు.”

“నవ్వితే చంపేస్తారా?” అన్నాడు అల్లుడు.

“నవ్వి, మేస్త్రీని పిలిపించు, వాడి చెయ్యి కళ్ళకద్దుకోవాలన్నాడు. నేనే అని మళ్ళీ చెప్పాను. వెళ్ళి టీ పెట్టు అన్నాడు.” ఇన్‌స్పెక్టర్ వైపు తలెత్తింది. “మీరూ మేస్త్రీ పనితనమే అన్నారు ఇందాక. అందరికీ వాడే కనబడతాడేమిటి? వాడి వేళ్ళు విరిచారు కదా. విరవాల్సిన వేళ్ళు ఇవి.”

ఆకురాయి తన నోటుబుక్కు తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. పదకొండు గీతల సంగతి కూడా రాయమంటే అదీ రాశాడు. మూడూ పది. ఇక్కణ్ణుంచి కోర్టుకి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. పేజీ చింపి ఆమె ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు.

పెన్ను ఆమె వేళ్ళ మధ్య నుంచి జారి కింద పడింది. మళ్ళీ ఇచ్చాడు, మళ్ళీ పడింది. చర్మం నూలుతో కలిసి ఊడి వచ్చేసింది. వేళ్ళ కొసలు పచ్చిగా, నున్నగా ఉన్నాయి. ముద్ర వెయ్యడానికి వాటి మీద గీతలే లేవు.

ఇన్‌స్పెక్టర్ ఆ చేతుల మీదికి వంగి, అరుదైన సామాను చూస్తున్నవాడిలా చూశాడు.

“ఏ వేలితో వేస్తావమ్మా?” అన్నాడు. తర్వాత ఆకురాయి వైపు తిరిగాడు. “శభాష్. మేస్త్రీవి నేను నాలుగే విరిచాను. నువ్వు పదీ కాల్చేశావు. నా దగ్గర ముద్రున్న కాగితం ఉంది. నీ దగ్గర ముద్రలేని కాగితం ఉంది.”

ఆకురాయి కిందపడ్డ పెన్ను తీసుకున్నాడు. గిన్నెను మంటలో వేసింది తనే. ఆమె దూకుతుందని తెలిసే వేశాడు. చేతులు ఏమవుతాయన్నది మాత్రం లెక్కలోకి రాలేదు.

“అల్లుడుగారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెత్తగా, “ఈ ఇంట్లో నకిలీలున్నాయని బయటికి పొక్కితే మీ మిగతా సామాను ఎవడైనా నమ్ముతాడా?”

అల్లుడు అరల వంక చూశాడు. పొయ్యి వంక చూశాడు. “నేను జాబితా రాసుకుంటున్నాను,” అన్నాడు. “నేనేమీ వినలేదు.”

“నాకు నోరు కాలలేదుగా,” అంది చిన్నమ్మ. “కోర్టుకి తీసుకెళ్ళండి. చెప్తాను.”

ఇన్‌స్పెక్టర్ తలుపు దాకా నడిచి, లోపలి నుంచి తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కిటికీ తలుపు కూడా మూశాడు. గదిలో పొయ్యి వెలుతురు ఒక్కటే మిగిలింది.

అప్పుడు బయటి నుంచి ఎవరో తలుపు తట్టారు. గట్టిగా కాదు, అడుక్కోవడానికి వచ్చినట్టు.

“అయ్యా,” అంది మేస్త్రీ భార్య గొంతు. “ఏదో కాలిన వాసన వస్తోందయ్యా. ఏమైంది? మా ఆయన్ని వదిలేస్తారంటయ్యా?”

ఆకురాయి తలుపుకీ ఇన్‌స్పెక్టర్‌కీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

“మొదట్నుంచి చెప్పమ్మా,” అన్నాడు చిన్నమ్మతో. “ఈసారి గట్టిగా చెప్పు. బయట మనిషుంది.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇన్‌స్పెక్టర్ నడుం దగ్గర పిస్తోలు పెట్టుకునే తోలు ఒర గుండీ ఊడిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది.